ఉక్కు రూపాయి చప్పుడు

ఈ ఆదివారం నా వెంట మేనల్లుడు కూడా వచ్చాడు. తొమ్మిదో తరగతి. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెటల్ డిటెక్టర్ ఊపుతుంటే, వాడు పక్కన నడుస్తూ తెర మీది అంకెలను క్రికెట్ స్కోరులా చదివాడు. విశాఖ సముద్రతీరంలో సాగర్ నగర్ నుంచి జోడుగుళ్ళపాలెం దాకా అదే వ్యాఖ్యానం.

"లోపల ఏముందో యంత్రమే చెబుతుంటే చెవులు రిక్కించడం ఎందుకు మావయ్యా?" అన్నాడు.

యంత్రం చెప్పేది లోహం పేరు కాదు. యంత్రం కింది చివర ఉండే తీగచుట్ట, అంటే కాయిల్ నుంచి వెళ్ళే అయస్కాంత క్షేత్రం భూమిలోని లోహంలో విద్యుత్తును పుట్టిస్తుంది. దాని జవాబు కాస్త ఆలస్యంగా తిరిగి వస్తుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి వేసే అంకె అది. ఇనుముకు చిన్నవి, రాగికి, వెండికి పెద్దవి. మధ్యలో అంతా గందరగోళమే. పల్చటి బంగారు ఉంగరానికీ, కూల్‌డ్రింక్ డబ్బా మూత రింగుకూ ఒకే అంకె రావచ్చు. చెవి కూడా వాటిని కచ్చితంగా విడదీయలేదు, తవ్వి చూడాల్సిందే.

మన నాణేల దగ్గర తెర మరీ తడబడుతుంది. 1992 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలు, అయస్కాంతానికి అతుక్కుంటుంది. అంతకుముందు వచ్చిన రాగి-నికెల్ రూపాయి అతుక్కోదు. పాత బిళ్ళకు అంకె కుదురుగా నిలబడుతుంది. కొత్తదానికి ఒక ఊపులో ఇనుము, మరో ఊపులో ఇంకేదో. ఇనుమును వినిపించకుండా చేసే మీట నా యంత్రంలోనూ ఉంది. దాన్ని ముట్టుకోను. అది వేస్తే మేకు పక్కన పడిన మంచి నాణెం కూడా మేకుతోపాటు మూగబోతుంది.

ఈ రోజు దొరికిన రూపాయి ఆ స్టీలు బిళ్ళే. తెర ఇనుమంది, మేనల్లుడు ముందుకు నడిచాడు. నాకు మాత్రం చప్పుడు నచ్చింది. మొదలూ చివరా మెత్తగా, చిన్నగా ఉంది. ఎడమ నుంచి కుడికి ఊపినా, కుడి నుంచి ఎడమకు ఊపినా అదే. పక్కకు తిరిగి అడ్డంగా ఊపినా మారలేదు. మేకు అయితే అడ్డం తిరగగానే మాట మారుస్తుంది, ఒకటి కాస్తా రెండు ముక్కలుగా చిటపటలాడుతుంది. డబ్బా ముక్కయితే కాయిల్ జానెడు పైకెత్తినా అరుస్తూనే ఉంటుంది. లోతున్న నాణెం ఊపిరంత సన్నగా వినిపిస్తుంది. అంత లోతులో అంకె ఒక్కోసారి ఇనుము వైపు జారుతుంది, లేదా అసలు రానే రాదు.

చెవి కూడా మోసపోతుంది. తడి ఇసుక మొదలయ్యేసరికి ఉప్పునీరు తనే లోహంలా పలకడం మొదలుపెట్టింది. నాది ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రం, అందుకే ఈ బాధ. నల్ల ఇసుక చారలు కనిపించిన చోటల్లా ఆగి, యంత్రాన్ని నేలకు తగ్గట్టు మళ్ళీ సరిచేసుకోవాలి. పొడి ఇసుకలోనేమో సీసం గుళ్ళు. వలకు కట్టేవి. వాటి చప్పుడంత గుండ్రటి చప్పుడు ఇంకొకటి లేదు, ప్రతిసారీ ఆశ పుట్టిస్తుంది. అంకె కూడా వాటికే వంతపాడుతుంది. ఈ ఒక్క విషయంలో చెవికీ తెరకూ పూర్తి ఏకాభిప్రాయం.

"తొట్లకొండ మీద వెతికితే ఏదైనా దొరుకుతుందేమో" అన్నాడు వాడు. అది రక్షిత బౌద్ధ స్థలం, అక్కడికి ఈ యంత్రంతో వెళ్ళే మాటే లేదన్నాను. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. భూమిలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. మా రూపాయి బిళ్ళకు ఆ గండం లేదు లెండి.

జోడుగుళ్ళపాలెంలో పడవ నీడన వల బాగుచేసుకుంటున్న పెద్దాయనకు గుళ్ళన్నీ ఇచ్చేశాను. అరచేతిలో తూచి చూసుకుని, "లంగరు పోయింది బాబూ, మీ మిషను నీళ్ళలో వెతుకుతుందా?" అన్నాడు.

"ఇనుమే కదా, బాగా అరుస్తుంది" అన్నాడు మేనల్లుడు నా బదులు.

కాయిల్ తడిసినా పరవాలేదు గానీ పైనున్న పెట్టె తడవకూడదు, మోకాలి లోతు దాటి రాలేనన్నాను. ఆయన లంగరు పోయింది అంతకన్నా చాలా లోపల.