పిక్క కండరం ఎన్ని వాట్లు ఇస్తుంది?

మా పర్లాకిమిడి బజారులో బస్తా భుజాన వేసుకుని లారీ పలక ఎక్కే పెద్దాయన్ని చూస్తే నా కళ్లు ఆయన పిక్కల మీదకే పోతాయి. మడమ లేచిన క్షణంలో ఆ కండ గట్టిగా ముడిపడుతుంది, అప్పుడది ఎన్ని వాట్లు ఇస్తోందో తేల్చడమే నా పని.

లెక్క తేలికే, బలం ఇంటూ వేగం. కండరం 1500 న్యూటన్లతో లాగుతూ సెకనుకి 10 సెంటీమీటర్లు కుంచించుకుంటే 150 వాట్లు. కానీ ఒంట్లో ఉన్న కండరం బలాన్ని బయటి నుంచి నేరుగా కొలవలేం కదా, అందుకే ఓపెన్‌సిమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో నడక రికార్డు, పాదానికి నేల ఇచ్చే బలం పెట్టి కీలు దగ్గర టార్క్, అంటే కీలుని తిప్పే బలం, రాబడతాం, దాన్ని కండరాలకు పంచుతాం. ఒకే కీలుకి బోలెడు కండరాలు, పంచడానికి దారులూ బోలెడు, అందుకని ఒక్కో కండరం ఉత్తేజాన్ని (అది ఎంత గట్టిగా పనిచేస్తోందో చెప్పే అంకెని) వర్గం చేసి అన్నీ కూడితే వచ్చే మొత్తం అతి తక్కువ అయ్యేలా పంచమంటాం. మోకాలి నొప్పితో రెండువైపుల కండరాలనూ బిగబట్టి నడిచే మా అమ్మలాంటివాళ్ల విషయంలో ఈ నియమాన్ని నేను నమ్మను.

మొదట్లో ఒక తప్పు చేశాను. కండరం, దాన్ని ఎముకకి కట్టే స్నాయువు కలిపిన పొడవు ఎంత వేగంగా మారిందో చూసి పవర్ లెక్కేస్తే పిక్కకి ఎక్కడలేని అంకె వచ్చింది. రెండ్రోజులు టెన్షన్. అందులో చాలా భాగం కండరానిది కాదు: మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు రబ్బరులా సాగి, పాదం నేలను తన్నేటప్పుడు ఆ శక్తిని తిరిగిచ్చేస్తుంది, కండర తంతువుల పొడవు అంతగా మారదు. 1938లో శరీరధర్మ శాస్త్రవేత్త ఎ.వి.హిల్ కప్ప కండరాలతో రాబట్టిన బలం-వేగం సంబంధం (ఎంత వేగంగా కుంచించుకుంటే అంత తక్కువ బలం) వాడాల్సింది తంతువు వేగానికే. మెట్లు దిగేటప్పుడైతే తొడ ముందు కండరం సాగుతూనే లాగుతుంది, పవర్ మైనస్‌లో వస్తుంది, తప్పనుకుని చెరిపేయకండి.