అన్న షార్‌లో, నేను అమెరికాలో: సెక్యూరిటీ క్లియరెన్స్ వచ్చేదాకా నా అనుభవం

మాది కావలి దగ్గర పల్లెటూరు. హెచ్‌వన్‌బీ, గ్రీన్ కార్డు అన్నీ దాటుకుని 2019లో అమెరికా సిటిజన్ అయ్యాను. 2022లో డిఫెన్స్ పనులు చేసే ఒక కంపెనీలో ఆఫర్ వచ్చింది కానీ సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్య సమాచారం చూడటానికి ఇచ్చే అనుమతి, రావాలన్నారు, అది మనంతట మనం అప్లై చేసుకునేది కాదు, కంపెనీయే స్పాన్సర్ చెయ్యాలి, గ్రీన్ కార్డు వాళ్ళకి అసలు ఇవ్వరు.

ఫారం పేరు ఎస్‌ఎఫ్-86. అమ్మ, అన్న, ఒంగోల్లో అత్తమామలు, అందరి పుట్టిన తేదీలు, అడ్రసులు, ఏం పని చేస్తారు, ఎన్నాళ్ళకోసారి మాట్లాడతాం, అన్నీ రాయాలి. అమ్మకి ఫోన్ చేసి పుట్టినరోజు ఎప్పుడమ్మా అంటే "ఆధార్‌లో జూలై ఒకటి అని ఏశారు నాయనా, కార్తీకమాసంలో పుట్టానని మా అమ్మ చెప్పేది, ఇప్పుడెందుకురా అదంతా" అంది. ఆధార్ తేదీయే వేసి, అది అంచనా అని టిక్ పెట్టి, కింద కామెంట్‌లో ఉన్నది ఉన్నట్టు రాశాను.

అసలు భయం అన్న గురించి. శ్రీహరికోటలో ఇస్రో రాకెట్లు ప్రయోగించే షార్ కేంద్రంలో టెక్నీషియన్, అంటే అమెరికా వాళ్ళ లెక్కలో వేరే దేశ ప్రభుత్వ ఉద్యోగి, అదీ రాకెట్ల దగ్గర. తెలిసినాయన ఒకరు "ఇస్రో అని రాయబాక, గవర్నమెంట్ జాబ్ అని వదిలెయ్" అన్నాడు. రెండు రాత్రులు నిద్రపట్టలా. మా ఆవిడ మాత్రం "బావగారి ఉద్యోగం దాచాల్సినంత తప్పు పనా" అంది, అంతే, సంస్థ పేరుతో సహా రాసేశాను.

ద్వంద్వ పౌరసత్వం దగ్గర చాలామంది తికమక పడతారు. మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేరే దేశ పౌరసత్వం కావాలని తీసుకుంటే మనది పోతుంది, నేను పాస్‌పోర్ట్ సరెండర్ చేసిన సర్టిఫికెట్ కూడా ఉంది. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డులో సిటిజన్ అన్న మాట ఉన్నా అది పౌరసత్వం కాదు, ఓటు లేదు, పొలం కొనలేం. అయినా ఓసీఐ ఉందని రాశాను. నిజానికి రెండు దేశాల పౌరసత్వం ఉన్నంత మాత్రాన క్లియరెన్స్ ఆపరు, 2017 నుంచి అమల్లో ఉన్న రూల్స్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది, దాస్తేనే చిక్కు.

నాలుగు నెలలకి ఇన్వెస్టిగేటర్ వచ్చాడు. అన్న గురించి ఓ గంట అడుగుతాడనుకున్నా, పది నిమిషాల్లో అయిపోయింది: పని విషయాలు మాట్లాడుకుంటారా, డబ్బు పంపుతావా, ఎప్పుడైనా ఏమైనా అడిగాడా. ఎక్కువసేపు పట్టింది ఆస్తి దగ్గర. నాన్న పోయాక నా వాటాకి వచ్చిన ఎకరం, నెల్లూర్లో 30 అంకణాల స్థలం. అంకణం అంటే ఏంటన్నాడు, మా నెల్లూర్లో 72 చదరపు అడుగులు అని చెప్పి 2,160 అని లెక్క కట్టి చూపించా, రాసుకున్నాడు. వాళ్ళు చూసేది ఒకటే, అక్కడి మనుషుల్నో ఆస్తినో అడ్డం పెట్టుకుని నిన్ను ఎవరైనా లొంగదీసుకోగలరా అని. నా ఇల్లు, పిల్లల చదువు, పొదుపు అంతా ఇక్కడే కాబట్టి ఆ ఎకరం పెద్ద లెక్కలోకి రాలేదు.

మొత్తం పదకొండు నెలలకి వచ్చింది. ఇప్పుడు ఊరికి రావాలంటే టికెట్ కొన్నాక బయల్దేరే ముందే కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్‌కి రాసివ్వాలి.

అన్నకి ఫోన్ చేసి చెప్తే కాసేపు మాట్లాడలా. "నావల్ల నీ ఉద్యోగం పోద్దేమోనని ఏడాదిగా అడగలేక ఉన్నాన్రా" అన్నాడు.