తిరగేసి చూసే అలవాటు

టోపీ అయినా, దుప్పటి అయినా, చంటిపిల్లల కాళ్లకి వేసే బూటీస్ అయినా అల్లడం పూర్తి కాగానే నేను చేసే మొదటి పని దాన్ని తిరగేయడం. లోపలి వైపు పైకి తెచ్చుకుని, చిటికెన వేలు పెట్టి అంగుళం అంగుళం తడుముతాను. ఎక్కడైనా పోగు వేలికి తగిలిందంటే ఆ పని ఇంకా పూర్తి కానట్టే. పైవైపు ఎంత బాగా వచ్చిందో ఆ తర్వాతే చూసుకుంటాను.

ఇది మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. ఎలా వచ్చిందో చెబుదామనే ఈ పోస్టు రాస్తున్నాను. దానికంటే ముందు నా మొదటి దుప్పటి గురించీ, మొదటి టోపీ గురించీ కొంచెం చెప్పాలి.

నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. క్రోషియా నేర్పింది మా పెద్దమ్మ. నా చేతికి ఒక హుక్కూ ఒక ఊలు ఉండా ఇచ్చి, గొలుసు వేయడం చూపించి, ఒకే ఒక్క మాట చెప్పింది: "విప్పడానికి మాత్రం ఎప్పుడూ భయపడకు." ఆ మాట విలువ నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం సూది మీదే ఉంటుంది. ఒక్క సూది జారితే వంద కుట్లు ప్రమాదంలో పడతాయి. క్రోషియాలో అలా కాదు. ఏ క్షణంలో చూసినా హుక్ మీద ప్రాణంతో ఉండేది ఒకే ఒక్క ఉచ్చు. మిగతావన్నీ ముగిసిపోయిన కుట్లే. ఫోన్ మోగినా, ఎవరైనా పిలిచినా ఆ ఒక్క ఉచ్చును కాస్త పొడుగ్గా లాగి వదిలేసి వెళ్లిపోవచ్చు. తప్పు జరిగితే అదే ఉచ్చు పట్టుకుని లాగితే చాలు, తప్పు దాకా విప్పుకుంటూ వెళ్లి మళ్లీ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. దారం ఎక్కడికీ పోదు. రోజంతా ఇంటి పనుల మధ్య నలిగే మనిషికి ఇంతకంటే అనువైన హాబీ నాకు తెలియదు.

మొదటి దుప్పటి మా అక్క కూతురి కోసం మొదలుపెట్టాను. తనప్పుడు కడుపుతో ఉంది, ఐదో నెల. అడ్డంగా 75 సెంటీమీటర్లు, పొడవు 90 ఉంటే చంటిబిడ్డకి సరిపోతుందని లెక్క వేసుకుని 120 కుట్లతో డబుల్ క్రోషే (పొడుగు కుట్టు) వరసలు వేసుకుంటూ పోయాను. నలభై వరసలయ్యాక మంచం మీద పరిచి చూస్తే అది దీర్ఘచతురస్రంలా లేదు, ట్రెపీజియంలా ఉంది. కింద వెడల్పు, పైకి వెళ్లేకొద్దీ సన్నం. కుట్లు లెక్కపెడితే 97 ఉన్నాయి. 23 కుట్లు ఏమైపోయాయో ఆ రాత్రి ఎంత చూసినా తెలియలేదు.

తర్వాత తెలిసింది. వరస తిప్పేటప్పుడు మూడు గొలుసులు వేస్తాం కదా, ఆ మూడు గొలుసులు కలిసి కొత్త వరసకి మొదటి కుట్టు అవుతాయి. అంటే తిరుగు వరస చివర వాటి నెత్తి మీద కూడా ఒక కుట్టు పడాలి. చూడటానికి అది కుట్టులా కనిపించదు, అంచున సన్నటి పోగులా పడి ఉంటుంది. అక్కడే వదిలేస్తాం. అది వదిలిన ప్రతి వరసకీ ఒక కుట్టు తగ్గుతుంది. ఇప్పుడు ఆ మూడో గొలుసులో వేరే రంగు దారం ముక్క ఒకటి దూర్చి ఉంచుతాను. తిరిగి వచ్చేటప్పటికి కుట్టు పడాల్సిన చోటు అదే చూపిస్తుంది. స్టిచ్ మార్కర్లని అమ్ముతారు, అవీ బాగానే ఉంటాయి. నాకు దారం ముక్కే అలవాటైపోయింది.

ఆ దుప్పటి మొత్తం విప్పేశాను. మా పెద్దమ్మ మాట గుర్తు చేసుకుంటూ, ఉండ చుట్టుకుంటూ, మొదటి వరస దాకా. రెండోసారి ప్రతి పది వరసలకీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను. 120, 120, 120. బోర్డు మీద లెక్క తేలినప్పుడు పిల్లల మొహాల్లో కనిపించే వెలుగు ఆ సంఖ్య దగ్గర నాకే కలిగింది.

ఇంకో సంగతి. ఊలు కొనేటప్పుడు లేబుల్ మీద రంగు నంబర్‌తో పాటు లాట్ నంబర్ కూడా ఉంటుంది. ఒకే నంబర్ రంగైనా వేర్వేరు లాట్లలో అద్దితే ఛాయ తేడా వస్తుంది. ఉండ రూపంలో ఉన్నప్పుడు కంటికి ఆనదు, దుప్పటి మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. అందుకే దుప్పటికి కావాల్సిన ఊలంతా ఒకేసారి, ఒకే లాట్‌లో తీసుకుంటాను. ఒక ఉండ ఎక్కువే తీసుకుంటాను. ఆ మిగిలిన ఉండని పారేయను.

టోపీ దగ్గరికి వస్తే నాలోని లెక్కల టీచరుకి పండగే. మధ్యలో చిన్న రింగు వేసి అందులో 6 సింగిల్ క్రోషేలు, అంటే పొట్టి కుట్లు. రెండో వరసకి 12, మూడో వరసకి 18, తర్వాత 24, 30, 36. ప్రతి వరసకీ ఆరు పెంచితే చక్రం బల్లపరుపుగా వస్తుందని అందరూ చెబుతారు. ఆరే ఎందుకు? నాకు ఆ ప్రశ్న వదల్లేదు. కాగితం తీసుకుని వేసి చూశాను. వృత్తం చుట్టుకొలత 2πr. వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత దానికి 2π రెట్లు, అంటే సుమారు 6.28 రెట్లు పెరగాలి. సింగిల్ క్రోషే ఎత్తు, వెడల్పు దాదాపు సమానం. అందుకే ఆరు. డబుల్ క్రోషే దాని వెడల్పుకి దాదాపు రెండింతల ఎత్తు ఉంటుంది, అందుకే దానికి పన్నెండు. ఇన్నేళ్లు నల్లబల్ల మీద రాసిన π నా వేళ్ల మధ్య ఊలు రూపంలో కనిపించేసరికి ఒళ్లు జలదరించింది.

ఆరు కంటే తక్కువ పెంచితే చక్రం గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లలా అలలు పోతుంది. మనం తప్పనుకునే ఈ అలల వెనక పెద్ద గణితమే ఉంది. ప్రతి కొన్ని కుట్లకీ ఒకటి చొప్పున ఆపకుండా పెంచుకుంటూ పోతే వచ్చేది హైపర్‌బోలిక్ తలం, అంటే ప్రతి చోటా గుర్రపు జీనులా వంగి ఉండే తలం. కాగితంతో చేసిన నమూనాలు చేతిలో చిరిగిపోతుంటే, 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా తైమినా అనే గణితవేత్త దాన్ని క్రోషియాతో అల్లి చూపించారు. ఆవిడ లాత్వియాలో పుట్టి పెరిగారు. తర్వాత 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్దైమ్ అనే అక్కచెల్లెళ్లు అదే కిటుకుతో పగడపు దిబ్బలు అల్లడం మొదలుపెట్టారు. నిజమైన పగడాల్లో కొన్ని రకాలు కూడా ఆ అలల ఆకారంలోనే పెరుగుతాయి. ఇది తెలిశాక, నా దగ్గర అంచు అలలు పోయిన పాత చక్రం ఒకటి ఉంటే దాన్ని మాత్రం విప్పకుండా దాచుకున్నాను.

సరే, టోపీ. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. ఊలు సాగుతుంది కాబట్టి టోపీ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. 33ని 3.14తో భాగిస్తే పదిన్నర. పైన వేసే చక్రం అడ్డంగా పదిన్నర సెంటీమీటర్లకి వచ్చేసరికి పెంచడం ఆపేసి, అక్కడి నుంచి నేరుగా దింపుకోవాలి. మధ్యరకం కంటే సన్నటి ఊలుతో, 4 మిల్లీమీటర్ల హుక్‌తో నాకు అది 11 వరసల్లో, 66 కుట్లలో వస్తుంది. మీ చెయ్యి బిగువైతే వరసలు పెరుగుతాయి, వదులైతే తగ్గుతాయి. కుట్లు కాదు, టేపు చెప్పిందే నమ్మండి. పెంచే కుట్లు ప్రతి వరసలో ఒకదాని మీద ఒకటి పడితే చక్రానికి ఆరు మూలలు తేలతాయి. వరస మార్చి వరసలో కాస్త జరిపి వేస్తే గుండ్రంగా వస్తుంది. ప్యాటర్న్ చూసి అల్లేవాళ్లు అది అమెరికా పద్ధతిలో రాసిందో, బ్రిటన్ పద్ధతిలో రాసిందో ముందే చూసుకోండి. అమెరికా వాళ్ల సింగిల్ క్రోషేని బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. ఇది తెలియక ఒక టోపీ నాకు రెండింతల పొడవు వచ్చింది.

ఇక బూటీస్ గురించి.

అక్క కూతురికి బాబు పుట్టాక దుప్పటి, టోపీ, బూటీస్ మూడూ ఒకే రంగులో ఇచ్చాను. లేత పసుపు. బూటీస్ మీద చిన్న తెల్ల పువ్వు అల్లాను. రంగు మారిన ప్రతిచోటా లోపల దారం కొసలు వచ్చాయి. వాటికి ముడి వేసి, దగ్గరగా కత్తిరించి వదిలేశాను. పైకి ఏమీ కనిపించలేదు. అందరూ చేతుల్లోకి తీసుకుని మురిసిపోయారు. నాకూ గర్వంగానే అనిపించింది.

బాబుకి రెండు నెలలున్నప్పుడు ఒక సాయంత్రం అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, గంట నుంచి ఒకటే ఏడుపు. పాలు తాగడం లేదు, ఎత్తుకున్నా ఆపడం లేదు" అంది. బట్టలన్నీ విప్పి చూడమన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఒక్కొక్కటే తీసింది. కాసేపు మాట లేదు. తర్వాత, "పిన్నీ, వేలికి దారం చుట్టుకుంది" అంది.

కుడికాలి రెండో వేలు. ఒక ముడి వదులై, లోపల తేలిన సన్నటి తెల్ల పోగు వేలి మొదట్లో రెండు చుట్లు తిరిగింది. బాబు కాళ్లు ఆడించిన కొద్దీ బిగుసుకుంది. వేలు కందిపోయి, నేరేడు పండు రంగుకి తిరుగుతోంది. తను గోళ్ల కత్తెరతో జాగ్రత్తగా పోగు కోసి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టర్ భూతద్దం పెట్టి చూసి, పోగు ముక్క ఏదీ మిగల్లేదని చెప్పేదాకా ఇక్కడ నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తల వెంట్రుక చుట్టుకున్నా ఇలాగే అవుతుందట. దీన్ని హెయిర్ టూర్నికెట్ అంటారట. వాపులో పోగు కూరుకుపోతే కంటికి కూడా కనిపించదట. వేలికి ఏ హానీ జరగలేదు. గీత మాత్రం కొన్ని రోజులుంది.

అక్క కూతురు నన్ను ఒక్క మాట అనలేదు. నేను మాత్రం ఆ బూటీస్ తెప్పించుకుని తిరగేసి చూశాను. పైన పువ్వు అలాగే ఉంది. లోపల ఏడు కొసలు వేలాడుతున్నాయి. బిడ్డ ఒంటికి తగిలేది ఆ వైపే కదా, దాన్ని నేను ఒక్కసారైనా చూడలేదే అని ఎంత బాధపడ్డానో చెప్పలేను.

అప్పటి నుంచి చంటిపిల్లలకి అల్లే పద్ధతే మార్చుకున్నాను. కొస కనీసం 15 సెంటీమీటర్లు వదులుతాను. మొద్దు సూదితో కుట్ల లోపలి నుంచి ఒకవైపు పోనిచ్చి, వెనక్కి తిప్పి, మళ్లీ మూడోసారి ఇంకో దిక్కుకి దూర్చి, అల్లికని గట్టిగా సాగదీసి, ఆ తర్వాతే కత్తిరిస్తాను. ముడిని నమ్ముకోను. అది జారుతుంది, జారకపోతే లేత చర్మానికి ఒత్తుకుంటుంది. చేతికీ కాలికీ వేసేవాటిలో చిల్లుల డిజైన్ అసలు వద్దు. వేలు దూరేంత సందు ఉంటే అది అందమే కాదు. బూటీస్ లోపల పల్చటి కాటన్ సాక్స్ వేయమంటాను, అయినా తీసినప్పుడల్లా వేళ్లు చూడమంటాను. గుండీలు, పూసలు, మెడ కింద కట్టే తాళ్లు మానేశాను. నూగు రేగే మెత్తటి ఊలు షాపులో ఎంత ముద్దుగా ఉన్నా కొనను, దాని నూగు పిల్లల నోట్లోకే పోతుంది.

దుప్పటి ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పి ఇస్తాను: ఏడాది నిండేదాకా బిడ్డ పడుకున్నప్పుడు కప్పవద్దు, పక్కలో కూడా ఉంచవద్దు. మొహం మీదికి వస్తే తీసుకునే శక్తి వాళ్లకి ఉండదు. మెలకువగా ఉన్నప్పుడు, మీ కళ్ల ముందు, ఒళ్లో పెట్టుకున్నప్పుడు వాడండి. టోపీ కూడా అంతే, బయటికి వెళ్లినప్పుడు పెట్టి ఇంట్లోకి రాగానే తీసేయాలి, నిద్రలో అసలు వద్దు. చంటిపిల్లల ఒంట్లో వేడి తల నుంచి కూడా బయటికి పోవాలి. నెలల తరబడి అల్లింది ఇచ్చి వాడొద్దని చెప్పడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా సరే, చెప్పకుండా ఇవ్వను.

ఊలు ఏది మంచిదని చాలామంది అడుగుతుంటారు. పిల్లలవి రోజూ ఉతకాల్సినవి కాబట్టి నేను కాటన్‌కే ఓటు వేస్తాను. బరువు ఉంటుంది కానీ చెమట పీలుస్తుంది, మెత్తగా మారుతుంది. దుప్పటికైతే మంచి అక్రిలిక్ పర్వాలేదు, తేలిక, మెషీన్‌లో వేయవచ్చు. దానికి ఇస్త్రీ మాత్రం తగలనివ్వకండి. ఒక్కసారి వేడి తగిలితే ఊలులోని స్ప్రింగు చచ్చిపోయి అల్లిక వేలాడిపోతుంది, అది మళ్లీ తిరిగి రాదు.

బాబుకిప్పుడు మూడేళ్లు. ఆ పసుపు దుప్పటి లేకుండా నిద్రపోడు. ఎక్కడికి వెళ్లినా ఒక మూల పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ తిరుగుతాడు. కిందటి నెల ఏదో మేకుకి పట్టుకుని మధ్యలో చిల్లు పడితే నా దగ్గరికి తెచ్చారు. దాచిన ఉండ బయటికి తీశాను. అదే లాట్, అయినా దుప్పటి వందసార్లు ఉతుకు పడి వెలిసింది, ఇది కొత్తగా మెరుస్తోంది. వాడు నా మోకాలికి ఆనుకుని, హుక్ లోపలికి వెళ్లి దారాన్ని పట్టుకురావడం రెప్ప వేయకుండా చూశాడు. పూర్తయ్యాక కొత్త కుట్ల మీద, ఆ ముదురు పసుపు మచ్చ మీద వేలు పెట్టి "ఇది" అన్నాడు.

దుప్పటి తిరగేసి, వాడి చిటికెన వేలు పట్టుకుని లోపలి వైపు నెమ్మదిగా రాయించాను. ఎక్కడా ఏమీ తగల్లేదు.