కూలెంట్ ఎక్కడికి పోతోందో తెలిసేసరికి రెండు నెలలు పట్టింది

పోయిన గురువారం నా పికప్ బాగై చేతికొచ్చింది. వివరాలు మర్చిపోకముందే రాస్తున్నాను.

మేముండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. మదనపల్లె నుంచి టమాటా తెచ్చి కలాసిపాళ్యం మార్కెట్‌లో దించుతాను. రెండు నెలల కిందట కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతున్నట్టు కనిపించింది. వారానికి పావు లీటరు. రాత్రి బండి కింద అట్ట పరిచినా పొద్దునకు ఒక్క చుక్క లేదు. టెంపరేచర్ ముల్లు కూడా కదల్లేదు. కూలెంట్ ట్యాంకు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి రోజూ చూసుకున్నాను. హోస్ పైపుల క్లాంపులు బిగించాను, రేడియేటర్ మూత మార్చాను. తేడా లేదు.

అప్పుడు ఒక పెద్ద వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. సెలవులని మా అబ్బాయి కూడా వచ్చాడు. గంటన్నర నిలబెట్టారు. మా తర్వాత వచ్చిన కార్ల వాళ్లకు కుర్చీ, కాఫీ. చివరికి అడ్వైజర్ వచ్చి బానెట్ ఎత్తి రెండు నిమిషాలు చూశాడు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దించాలి, 45 వేలు అన్నాడు. నేను మర్యాదగానే అడిగాను: "సార్, సైలెన్సర్‌లో తెల్ల పొగ లేదు, డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలలా మారలేదు, రేడియేటర్‌లో బుడగలు రావడం లేదు. మరి గ్యాస్కెట్ అని ఎలా తెలిసింది?" ఆయన జవాబు చెప్పలేదు. కన్నడలో "నీను" అని ఏకవచనంలోనే, "నువ్వు డ్రైవరువా, మెకానిక్‌వా? బోరు నీళ్లు పోసి ఇంజిన్ పాడుచేసేది మీరే" అని అందరి ముందూ గట్టిగా అన్నాడు. మా అబ్బాయి తల దించుకున్నాడు. ఈ బండికి ఏనాడూ బోరు నీళ్లు పోయలేదు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్, కొన్నప్పటి నుంచీ అంతే. ఆ మాటే చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి వేరే కస్టమర్ దగ్గరికి వెళ్లిపోయాడు. చూసినందుకు 800 రూపాయలు కట్టి బయటికొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బండి నడిపేవాడికి బండి గురించి తెలియదని ఎవరు చెప్పారు వీళ్లకు? పదకొండేళ్లుగా ఈ ఇంజిన్ శబ్దం వింటున్నది నేను.

మార్కెట్‌లో ఒకరు స్టాప్ లీక్ పొడి వేయమన్నారు. వేయలేదు, మీరూ వేయకండి. అది లీకుతో పాటు రేడియేటర్ సన్న గొట్టాలనూ మూసేసే ప్రమాదం ఉంది.

జె.సి.రోడ్డు పక్క సందులో ఒక పాత మెకానిక్ ఉన్నాడు, అందరూ భాయ్ అంటారు. "ఇంజిన్ చల్లారనివ్వు అన్నా, అప్పుడే చెబుతాను" అన్నాడు. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది, అది సరే. అసలు కారణం, వేడి ఇంజిన్ మీద పడిన చుక్క అక్కడే ఆవిరైపోతుంది, అందుకే నా అట్ట తడవలేదు. చల్లారాక రేడియేటర్ మూత చోట చేతి పంపు బిగించి ఒక బార్ ఒత్తిడి వరకు గాలి కొట్టాడు. ప్రెషర్ టెస్ట్ అంటే ఇదే. పంపు మీటరు ముల్లు మెల్లగా దిగడం మొదలైంది, అంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇరవై నిమిషాలకు ఫ్యాన్ వెనక టార్చి వేసి నన్ను వంగి చూడమన్నాడు. వాటర్ పంపు కింద ఒక చిన్న బెజ్జం ఉంటుంది, లోపలి సీలు అరిగితే బయటికి తెలియడానికే పెడతారు దాన్ని. అక్కడ గులాబీ రంగు చుక్క నిలబడింది. చుట్టూ ఎండిన మరక కూడా ఉంది. బానెట్ ఎత్తిన మనిషి వంగి చూసుంటే కనపడేదే.

కొత్త పంపు, గ్యాస్కెట్, బెల్టు, కూలెంట్, కూలీ అన్నీ కలిపి 5,200. గాలి బుడగ ఉండిపోకుండా ఇంజిన్ నడుపుతూ నింపాడు. పనంతా మూడు గంటలు. హెడ్ దించాలన్నవాడిని ప్రెషర్ టెస్ట్ చేశారా అని ముందు అడగండి. చేయకపోతే తాళం చెవి తీసుకుని వచ్చేయండి.

ఇప్పటికి నాలుగు ట్రిప్పులు తిరిగాను. ఈ పొద్దున మా అబ్బాయే బానెట్ ఎత్తి చూశాడు. కూలెంట్ గీత దగ్గరే ఉంది.