ఖాళీ చేతిని నమ్మించడం

నాణేల మ్యాజిక్ గురించి పుస్తకాలు రాసినవాళ్ళు దాదాపు అందరూ కోటు తొడుక్కునే మగవాళ్ళే. బిళ్ళని కోటు చేతిలోకి జారవిడవండి, లోపలి జేబులో పడేయండి అంటారు. నా కుర్తీలకి అసలు జేబే ఉండదు. పండగైతే చీర, చేతినిండా మట్టిగాజులు. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌లో సగంమంది కడప, అనంతపురం వైపు వాళ్ళే. ఏ పుట్టినరోజో, సత్యనారాయణ వ్రతమో జరిగితే "ఆంటీ, బిళ్ళ మాయం చేసేది చెయ్యండి" అని పిల్లలు చుట్టుముడతారు.

కుడిచేతి బిళ్ళని ఎడమచేతిలో పెట్టినట్టే పెట్టి, కుడిచేతిలోనే ఉంచేసుకోవడం. ఈ విద్యలో సగానికి సగం ఇదే. చెయ్యి కంటి కంటే వేగంగా కదలాలి అంటారు కానీ అది ఉత్తమాట. గబుక్కున కదిపితే ఏదో జరిగిందని ఎదుటివాళ్ళకి మనమే చెప్పినట్టు. నేనైతే ఫోన్ నిలబెట్టి, ముందు నిజంగానే బిళ్ళని ఎడమచేతిలో పెట్టి వీడియో తీస్తాను. తర్వాత దొంగది. రెండూ వెంటవెంటనే చూస్తే గుట్టంతా బయటపడుతుంది. నిజంగా పెట్టినప్పుడు ఎడమ గుప్పిట వదులుగా ఉంటుంది, కుడిచెయ్యి ఇక తన పనైపోయినట్టు బద్ధకంగా కిందికి వస్తుంది. దొంగదాంట్లో ఖాళీ గుప్పిట బిగుసుకుపోతుంది, బిళ్ళ ఉన్న చెయ్యేమో గాల్లోనే ఆగిపోతుంది. అద్దం ముందు చేస్తే ఇది తెలియదు, మన కళ్ళని మనమే మోసం చేసుకుంటాం.

గాజుల సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు. బిళ్ళ దాచుకున్న క్షణం నుంచి ఆ చేతి గాజులు మూగబోతాయి! అప్పటిదాకా గలగలమంటున్నవి ఉన్నట్టుండి ఆగిపోతే, ఎందుకో చెప్పలేకపోయినా చూసేవాళ్ళకి తేడా తెలుస్తుంది. అందుకే బిళ్ళ ఉన్న చెయ్యి ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి. పవిట సర్దుకోవచ్చు, పిల్లాణ్ణి దగ్గరికి రమ్మని సైగ చెయ్యొచ్చు. మధ్యవేలు, ఉంగరంవేలు మొదళ్ళ దగ్గర బిళ్ళ నిలబెట్టుకుని, మిగతా చేతిని మామూలుగా వదిలెయ్యడం అలవాటు కావాలి. సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్ కదలనప్పుడు నేను చేసేది అదే: చేతిలో బిళ్ళ, అదే చేత్తో ఫోన్, బ్యాగు జిప్పు, వాటర్ బాటిల్. వంటింట్లో కూడా కుదురుతుంది, చెయ్యి తడిగా లేకపోతే.

ఇక చూపు. స్కాట్లాండ్‌లో జాన్ రామ్‌సే అని ఒకాయన కిరాణా కొట్టు నడుపుకుంటూనే మ్యాజిక్‌లో గురువులకి గురువయ్యాడు. జనం దేన్ని చూడాలని నీకుందో నువ్వే దాన్ని చూడు, నిన్ను చూడాలంటే వాళ్ళని చూడు అనేది ఆయన సూత్రం. 2006లో గుస్తావ్ కూన్, మైకేల్ ల్యాండ్ అనే పరిశోధకులు దీన్ని బంతితో పరీక్షించారు. బంతిని నిజంగా రెండుసార్లు ఎగరేసి, మూడోసారి ఉత్తుత్తిగా ఎగరేస్తే, మెజీషియన్ పైకి చూసినప్పుడు మూడింట రెండొంతుల మంది బంతి పైకి వెళ్ళి మాయమైందన్నారు. అతను చేతిని చూస్తే మూడోవంతు మందే అలా అన్నారు. అంటే లేని బంతిని చూపించింది అతని కళ్ళే. నేను ఖాళీ గుప్పిట వంక చూసి, తలెత్తి ఎదురుగా ఉన్న పిల్లని "నీ పేరేంటమ్మా?" అని అడుగుతాను. ఆ పిల్ల చెప్పేలోపు ఇందాకటి కదలిక ఎవరికీ గుర్తుండదు. గుప్పిట మూసిన వెంటనే తెరిచేవాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బిళ్ళ విషయానికొస్తే, ఇప్పటి వాటిలో నాకు పది రూపాయలదే నయం. 27 మిల్లీమీటర్లు, రెండు రంగులు, దూరం నుంచి కూడా కనపడుతుంది. అమెరికా పుస్తకాల్లో అంతా హాఫ్ డాలరే, దాని బరువు 11.34 గ్రాములు. వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టే జార్జి బొమ్మ వెండి రూపాయి 11.66 గ్రాములు, సైజు కూడా ఇంచుమించు అంతే. అంచున గరుకు గీతలు ఉంటాయి కాబట్టి అరచేతిలో చక్కగా పట్టు దొరుకుతుంది. మా అత్తయ్యకి ఈ వాదన వినిపించాను. వెండి రూపాయి బీరువాలోంచి బయటికి రాలేదు.

అందరికంటే కష్టమైన ప్రేక్షకుడు మా మరిది. "వదినా, ఆ రెండో చెయ్యి చూపించండి" అంటాడు. అడగ్గానే చూపిస్తే ఓడినట్టు, చూపించకపోతే దొరికినట్టు. వాడు అడిగేలోపే బిళ్ళ ఆ చేతిలోంచి వెళ్ళిపోవాలి. బిళ్ళని ఒళ్ళోకి జారవిడిచే పద్ధతిలో స్లైడినీ అనే ఇటాలియన్‌ది పెద్ద పేరు, ఆయన టేబుల్ వెనక కూర్చుని చేసేవాడు. మనం వ్రతంలో చాప మీద కూర్చుంటాం కాబట్టి టేబుల్ చాటు ఉండదు. కాఫీ గ్లాసు అందుకోవడానికి ముందుకు వంగినప్పుడు బిళ్ళని ఒళ్ళో వదిలెయ్యాలి. కాటన్ చీరైతే మడతల్లో ఆగుతుంది. పట్టుచీర మీద నిలవదు, జారి టైల్స్ మీద టంగుమంటుంది. ఆ రోజుల్లో ఒళ్ళో చేతిరుమాలు పరుచుకుని కూర్చుంటాను, ప్రసాదం చీర మీద పడకుండా అనుకుంటారు.