పెళ్ళి అన్నం, గేదె, తినే సోడా

బాబాయి గారి గేదె పొద్దుటి నుంచి నెమరు వేయడం లేదు. ఎడమ డొక్క మీద చెయ్యి పెడితే లోపల కదలికే లేదు. నిన్న పక్కింట్లో పెళ్ళి. మిగిలిన అన్నం గంగాళంతో తెచ్చి పాకలో పెట్టారు. రాత్రి పలుపు తెంచుకుని మొత్తం తినేసింది.

పశువుల డాక్టర్ గారు వస్తూనే, "ఇంట్లో తినే సోడా ఉందా అమ్మా?" అని అడిగారు. నీళ్ళలో కలిపి, తల మరీ పైకెత్తకుండా, నాలుక పట్టి లాగకుండా, కొద్దికొద్దిగా పట్టించారు. గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి పేడ వేసింది. రెండు రోజులు ఎండుగడ్డి తప్ప ఏమీ పెట్టొద్దన్నారు.

అన్నం, బియ్యం, పిండి ఒక్కసారిగా ఎక్కువ పడితే పెద్ద పొట్టలో పులిసిపోయి లాక్టిక్ ఆమ్లం పెరుగుతుంది. సోడా ఆ పులుపుకు విరుగుడు. కానీ ముదిరితే సోడా ఒక్కటే చాలదు, పశువు చచ్చిపోవచ్చు కూడా. ఫంక్షన్ అన్నం పారేయలేక ప్రేమగా పశువుకి పెట్టే వాళ్ళు మన ఊళ్ళలో ఎంతమందో. దయచేసి అలా పెట్టకండి.

బట్టల సోడా మాత్రం పొరపాటున కూడా పట్టించకూడదు, నోరు, గొంతు కాలిపోతాయి. రెండు డబ్బాలూ ఒకే అరలో ఉంచకండి.

మా పిన్ని పాల వాసన పట్టిన స్టీలు క్యాన్లు తినే సోడాతోనే తోముతుంది. అల్యూమినియం వాటికి వాడదు, నల్లబడతాయి.