పరదా జానెడు

అన్నయ్యగారి మాట ఇంకా చెవిలోంచి పోలేదు. మధ్యాహ్నం భోజనానికొచ్చారు. కార్తీకం కదా, పప్పూ చారుతో కానిచ్చి, చేయి కడుక్కుంటూ "చలికాలం వచ్చేసిందిగా చెల్లెమ్మా, ఇక మీకు కష్టం లేదు. కోళ్లు వాటంతట అవే పెరుగుతాయి" అన్నారు. అత్తమ్మ ముందు ఏమంటాం? నవ్వి ఊరుకున్నాను. అందుకే ఇప్పుడీ రాత.

వాటంతట అవేనట! షెడ్డులో అయిదు వేల కోడిపిల్లలు, దిగి వారం కూడా కాలేదు. తొలివారం వాటికి వెచ్చదనమిచ్చే బ్రూడర్ కింద 95 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా వేడి ఉండాలి. బయటేమో తెల్లవారుజామున మనకే దుప్పటి చాలడం లేదు. షెడ్డు పక్కల కట్టిన పరదాలన్నీ మూసేస్తే వెచ్చగానే ఉంటుంది, కానీ కింద పరిచిన ఊక చెమ్మెక్కి అమ్మోనియా లేస్తుంది. లోపల అడుగు పెట్టగానే కళ్లు మండుతాయి. పైన జానెడు తెరిచి ఉంచమంటాను నేను. మా ఆయన అలాగే ఉంచుతారు. చీకటి పడగానే షెడ్డు దగ్గరుండే అబ్బాయి మొత్తం లాగేస్తాడు, ఎందుకంటే చలి వాడికి. కోళ్ల కంపెనీ సూపర్‌వైజర్ సంగతి ఇంకా బాగుంది. పోయిన బ్యాచ్‌లో గాలాడక కోళ్ల పొట్టల్లో నీరు చేరుతోందని కేకలేసిన మనిషే, ఈసారి వస్తూనే "పరదా ఎవరు తెరిచారు?" అన్నాడు. ఒక్క రాత్రయినా మూడింటికి వచ్చి చూశాడా? కోళ్లు తూకం రాకపోతే కోత పడేది పెంచినందుకు కంపెనీ మాకిచ్చే గ్రోయింగ్ చార్జీకి, ఆయన జీతానికి కాదు.

ఇంతకంటే ఎండాకాలమే నయం అని రాయబోయాను. చేయి ఆగిపోయింది.

2015 మే ఆఖరి వారం, ఆ వడగాలులు. అప్పటికి మాకు నీటి తుంపర చల్లే ఫాగర్లు లేవు. కప్పు మీద వరిగడ్డి పరిచి తడపడం, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టడం, అంతే. బ్యాచ్ చేతికొచ్చింది, మర్నాడు లారీ రావాలి. మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మోటారు లేదు, ట్యాంకులో ఉన్నవి వేన్నీళ్లు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చాల్సిందే. రెక్కలు ఎడంగా పెట్టి, మెడలు చాచి, షెడ్డంతా ఒకటే వగర్పు. బాగా బరువున్నవే ముందు పడిపోయాయి. మామయ్య బిందె పట్టుకుని నీళ్లు చిలకరిస్తూ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. కూర్చోమంటే వినలేదు. కరెంటు మర్నాటికి గానీ రాలేదు. జేసీబీతో గుంట తీయించి, సున్నం చల్లి పూడ్చాం. ఎన్ని పోయాయో ఇక్కడ రాయను, మా ఆయన చదువుతారు.

కాబట్టి అన్నయ్యగారి మాటలో పావు వంతు నిజముందేమో. చలికాలంలో చాకిరీ ఎక్కువే, కానీ లేచి ఏదో ఒకటి సర్దితే పిల్లలు నిలబడతాయి. ఆ రోజు సర్దడానికి ఏమీ లేదు. అయినా ఆ "వాటంతట అవే" మాత్రం ఒప్పుకోను.

ఇందాక పదింటికి వెళ్లి చూసొచ్చాను. పిల్లలు బ్రూడర్ కింద గుంపు కట్టలేదు, గోడల వైపు పారిపోనూ లేదు. ఊక మీద సమంగా పరుచుకుని పడుకున్నాయి, అంటే వేడి సరిపోయింది. ఒకటి మాత్రం నీళ్ల డబ్బా అంచుకు తల ఆనించి కునుకు తీస్తోంది. పరదా జానెడు తెరిచే ఉందని మనవి.

రెండింటికి మళ్లీ అలారం. ఈసారి వంతు ఆయనది. లేవకపోతే రేపటి టపా ఎవరి మీదో చెప్పక్కర్లేదు.